బతుకమ్మ చుట్టూ నాలుగు స్పీకర్లు: అమ్మ మంచం దగ్గర వినపడేదాకా

అక్టోబర్ 4, శనివారం

సద్దుల బతుకమ్మ నాడు కనగల్ వైపు మా అమ్మమ్మ వాళ్ళ ఊర్లో తీసిన రికార్డింగ్ ఇవాళ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మొత్తం 22 నిమిషాలు. పనికొచ్చేది 9 నిమిషాలే, మిగతాదంతా పక్క వాడకట్టు డీజే. ఆ డీజే పిల్లగానికి చాయ్ తాగించి మాటల్లో పెడితే దక్కిన 9 నిమిషాలు ఇవి. మైకు షార్ట్ ఫిల్ములు తీసే దోస్తు దగ్గర అడుక్కొచ్చిన జూమ్ హెచ్3-విఆర్. బతుకమ్మలన్నీ పెట్టిన చోట నడుమ స్టాండ్ నిలబెట్టి, తంగేడు పూల కంటే జానెడు ఎత్తులో ఉంచాను. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడుతూ దాని చుట్టూ తిరిగారు.

ఈ ఏడు అమ్మ పోలేకపోయింది, మోకాళ్ళు. నల్లగొండలో ఇంట్లోనే కూర్చుంది. అందుకే ఈ పని పెట్టుకున్నా: ముందు గదిలో నాలుగు మూలల నాలుగు స్పీకర్లు పెడితే, మధ్యలో కూర్చున్నవాళ్ళ చుట్టూ ఆట తిరగాలి. చిక్కేమిటంటే అమ్మ మధ్యలో కూర్చోదు. ఆమె మంచం గది ఎడమ గోడకు, వెనక మూలకు దగ్గరగా ఉంటుంది, అది జరిపే ప్రసక్తే లేదు, అడిగి చూశాను.

మైకు సంగతి కొంచెం చెప్పాలి. ఫైలులో నాలుగు ట్రాకులుంటాయి, కానీ ఒక్కో ట్రాకు ఒక్కో స్పీకర్‌ది కాదు. ఒకటి మొత్తం శబ్దం ఎంతో చెప్తుంది, దాన్ని డబ్ల్యూ అంటారు. మిగతా మూడూ ముందు-వెనక, ఎడమ-కుడి, పైన-కింద తేడాలు చెప్తాయి: ఎక్స్, వై, జెడ్. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండే మైకేల్ గెర్జన్, ఇంకొందరు 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది, పేరు ఆంబిసానిక్స్. ఏ స్పీకర్‌కు డబ్ల్యూ ఎంత, ఎక్స్ ఎంత, వై ఎంత కలిపి పంపాలన్న లెక్కే డీకోడర్. రెడీమేడ్‌వి ఫ్రీగా దొరుకుతాయి, కానీ నాకు లోపల ఏం జరుగుతుందో చూడాలని ఉంది, అందుకే రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో నేనే నాలుగు లైన్ల లెక్క రాసుకుంటున్నా. పైన-కింద ట్రాకు వదిలేస్తున్నా, నా దగ్గర ఉన్నవి నాలుగే బాక్సులు.

అక్టోబర్ 5, ఆదివారం

ఆంప్లిఫైయర్ ప్రకాశం బజార్‌లో ఎప్పుడో చేయించిన 5.1 అసెంబుల్డ్ సెట్టు. వెనక ఆరు ఇన్‌పుట్‌లున్నాయి కాబట్టి నాలుగు వాడుకుంటే చాలనుకున్నా. ముందు ఎడమ ఒక్కదానికే శబ్దం పంపితే వెనక రెండూ మోగుతున్నాయి. ముందు రెండిటికీ ఒకటే పంపితే వెనకవి చప్పుడు చేయవు! మూత విప్పి చూస్తే లోపల చిన్న బోర్డు, మీద ప్రోలాజిక్ అని స్టిక్కర్. అది చేసేదల్లా ఎడమలోంచి కుడిని తీసేసి మిగిలింది వెనక్కి పంపడమే. రెండు వైపులా ఒకేలా ఉన్నది తీసివేతలో పోతుంది, అందుకే ఆ నిశ్శబ్దం. అసలు డాల్బీ ప్రోలాజిక్ 1987లో వచ్చింది, అది ఇంత మొరటుది కాదు, ఏ వైపు శబ్దం ఎక్కువుందో చూసుకుంటూ ఆ వైపుకు తిప్పుతుంది, మధ్యలో ఇంకో స్పీకర్‌ను కూడా నడిపిస్తుంది. ఆ మధ్య స్పీకర్ వల్లే సోఫా చివర కూర్చున్నవాడికి కూడా మాటలు తెర దగ్గర్నుంచే వస్తాయి, లేకపోతే వాడికి దగ్గరున్న స్పీకర్‌లోంచి వస్తాయి. ఈ విషయం అప్పుడు చదివి వదిలేశా, ఇప్పుడు నాకే ఎదురైంది.

బోర్డుకు పోయే మూడు వైర్లు పీకేసి ఇన్‌పుట్‌లు నేరుగా కలిపాను.

తర్వాత పోలారిటీ, అంటే ప్లస్-మైనస్ వైర్లు ఉల్టా కాలేదు కదా అని చూడటం. నాలుగు బాక్సుల్లో ఏదో ఒకటి తేడా కొడుతోందని చెవికి తెలుస్తోంది, ఏదో తెలియట్లేదు. పాత పద్ధతే: పెన్సిల్ సెల్ తీసుకుని ప్లస్ ఎర్ర టర్మినల్‌కు, మైనస్ నల్లదానికి అలా తాకించి తీయడం. తాకినప్పుడు టప్ మని కోన్ బయటికి రావాలి. మూడు బయటికొచ్చాయి. కుడి వెనకది లోపలికి పోయింది. నమ్మక వేలు కోన్ మీద ఆనించి మళ్ళీ తాకించాను, వేలి కింద నుంచి జారిపోయినట్టు లోపలికే. బాక్స్ విప్పితే ఎర్ర వైరు నల్ల ట్యాగ్‌కు అంటించి ఉంది, అదీ చక్కగా, మెరిసే సోల్డర్‌తో.

సినిమాలు చూసినన్ని రోజులు ఇది ఎవరికీ తెలియలేదు. వెనక ఎలాగూ గాలి, వాన, హెలికాప్టర్లే కదా.

ఇప్పుడు స్పీకర్లు నాలుగూ 10 అడుగుల చదరంలో, స్టూళ్ళ మీద, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో. ఫోన్ యాప్‌తో నాలుగిటి మోత సమానం చేశా. ఆంప్లిఫైయర్‌లో ముందు బాక్సుల ఐసీలు, వెనక బాక్సుల ఐసీలు వేరు, అందుకే వెనక వాల్యూమ్ బాగా తిప్పాల్సొచ్చింది.

అక్టోబర్ 8, బుధవారం

మొదటిసారి ప్లే చేశా. ఆట చుట్టూ తిరగలేదు. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు... ఉయ్యాల ఊగినట్టు. బతుకమ్మ పాటలో లైన్‌కోసారి ఉయ్యాలో అని వస్తుంది కానీ మరీ ఇంత నిజం చేస్తుందనుకోలేదు.

రాత్రి ఒంటిగంటకు దొరికింది. నాలుగు ట్రాకుల వరసకు రెండు సంప్రదాయాలున్నాయి. పాతది ఫ్యూమా: డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్. కొత్తది ఆంబిఎక్స్: డబ్ల్యూ, వై, జెడ్, ఎక్స్. నా ఫైలు కొత్తది, నేను చదివింది పాత లెక్క. అంటే ఎడమ-కుడి తేడాను ముందు-వెనక అనుకున్నా, పైన-కింద తేడాను ఎడమ-కుడి అనుకున్నా. అందరూ నేల మీదే ఉన్నారు కాబట్టి పైన-కింద ట్రాకులో పెద్దగా ఏం లేదు. మిగిలింది ఒక్క గీత మీద ఊగడమే. వరస మార్చాను. తిరిగింది! ఫోన్‌లో తీసిన వీడియో పక్కన పెట్టుకుని చూశా, తిరిగే దిక్కు కూడా సరిపోయింది.

అక్టోబర్ 12, ఆదివారం

ఇంట్లో అందరికీ వినిపించా. మధ్య కుర్చీలో నేను, మంచం మీద అమ్మ, గుమ్మం దగ్గర బాపు, అక్క పిల్లలు కింద చాప మీద. నేను మధ్య కుర్చీ తప్ప ఇంకెక్కడా పనిచేయదనుకున్నా, కానీ అమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి తిప్పుతూ చూపిస్తోంది, అంతా సరిగా కాదు కానీ తిరుగుతున్నట్టు మాత్రం ఆమెకు తెలుస్తోంది. "గా గొంతు మీ పెద్దమ్మది" అని కూడా గుర్తుపట్టింది.

ఇక్కడ ఆపేస్తే అయిపోయేది.

అక్టోబర్ 14, మంగళవారం

ఆగలేదు. రెండు సంప్రదాయాల మధ్య వరస ఒక్కటే కాదు తేడా, డబ్ల్యూ మోతాదు కూడా వేరట. ఫ్యూమాలో డబ్ల్యూను 3 డెసిబెల్స్ తగ్గించి రాస్తారు, అందుకని డీకోడర్‌లో దాన్ని 1.414తో గుణించి తిరిగి పెంచాలి. ఆంబిఎక్స్‌లో తగ్గించరు. నా లెక్కలో ఆ 1.414 అలాగే ఉండిపోయింది. అంటే డబ్ల్యూ ఉండాల్సిన దానికంటే ఎక్కువ కలుస్తోంది. తప్పు తప్పే కదా, తీసేశా.

మధ్య కుర్చీలో అదిరిపోయింది. ఒక్కో గొంతు ఒక్కో చోట గుచ్చినట్టు. కానీ తల ఒక జానెడు పక్కకు జరిపితే ఏదో కలత, చెవి దగ్గర ఒత్తిడిలా. సరే అని అమ్మను పిలిచా.

"ఏం జేసినవ్ బిడ్డా, మొన్నటిదే మంచిగుండె గదా. ఇప్పుడు అందరు నా ఎనకొచ్చి నిలబడి పాడుతున్నట్టుంది."

తప్పు సరిదిద్దితే పాడైంది. ఇదేం లెక్క?

అక్టోబర్ 18, శనివారం

పొద్దున్నుంచి కాగితం, పెన్సిల్. ఇప్పుడు అర్థమైంది, అర్థమయ్యాక నవ్వొచ్చింది.

కుడి ముందు స్పీకర్ ఉన్న దిక్కులోనే ఒకావిడ చప్పట్లు కొడుతోందనుకుందాం. సరిదిద్దిన లెక్క ప్రకారం ఆ స్పీకర్‌కు 0.75 వంతు పోతుంది, అటూ ఇటూ ఉన్న రెండిటికీ 0.25 చొప్పున, ఎదురు మూలలో ఉన్న ఎడమ వెనకదానికి మైనస్ 0.25. మైనస్ అంటే మిగతా కోన్‌లు బయటికి వస్తుంటే అది లోపలికి లాగుతుంది. మొన్న నేను కష్టపడి సరిచేసిన ఉల్టా వైరు పనే ఇక్కడ లెక్క కావాలని చేస్తోంది! మధ్యలో నాలుగూ కలిసినప్పుడు గాలి ఒత్తిడి, గాలి కదలిక రెండూ నిజంగా అక్కడ చప్పట్లు కొడితే ఎలా ఉంటాయో అలా వస్తాయి. అయితే మధ్యలో అంటే ఎంత మధ్య? ఈ నాలుగు ట్రాకుల పద్ధతిలో 600 హెర్ట్జ్ దగ్గర దాదాపు 9 సెంటీమీటర్ల వ్యాసార్థం, అంటే తలకాయంత. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అది కుంచించుకుపోతుంది. 1400 హెర్ట్జ్‌కు వచ్చేసరికి ఆ గుండ్రం మన నల్లగొండ బత్తాయంత. చప్పట్లలో చెవికి దిక్కు చెప్పేది చాలావరకు అంతకంటే పైనే ఉంటుంది. బత్తాయంత చోట్లో రెండు చెవులు ఎక్కడ పట్టాలి?

ఇప్పుడు అమ్మ మంచం. ఎడమ వెనక స్పీకర్‌కు 2.5 అడుగులు, కుడి ముందుదానికి 11.7 అడుగులు, టేప్ పెట్టి కొలిచా. శబ్దానికి అడుగుకు దాదాపు 0.9 మిల్లీసెకను పడుతుంది, అంటే దగ్గరి స్పీకర్ శబ్దం ఆమెను 8 మిల్లీసెకన్లు ముందే చేరుతుంది. ముందు చేరినదాని దిక్కే దిక్కు అని చెవి నమ్ముతుంది, దీన్ని 1949లో హెల్ముట్ హాస్ తన పరిశోధనలో వివరంగా కొలిచాడు, అందుకే హాస్ ఎఫెక్ట్ అంటారు. దానికితోడు దూరం తేడా వల్ల దగ్గరిది 13 డెసిబెల్స్ గట్టిగా వినపడుతుంది. లెక్క దాన్ని 9.5 డెసిబెల్స్ తగ్గించి పంపింది, దగ్గరితనం 13 పెంచింది. మొత్తానికి ఎక్కడా లేని ఆవిడ అమ్మ వీపు వెనక దాదాపు 4 డెసిబెల్స్ ఎక్కువతో, అదీ ముందుగా చప్పట్లు కొడుతోంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

మరి నా తప్పు లెక్కలో? 1.414 ఎక్కువ పడటం వల్ల డబ్ల్యూతో పోలిస్తే ఎక్స్, వై 0.707 వంతుకు తగ్గాయి. అలా తగ్గిస్తే కుడి ముందుకు 0.6, పక్కవాటికి 0.25, ఎదురు మూలకు మైనస్ 0.1. మైనస్ ఇంకా ఉంది కానీ 9.5 కాదు, 15 డెసిబెల్స్ కింద. ఇక్కడ నవ్వొచ్చిన సంగతి: ఈ 0.707 ఏదో గాలివాటు అంకె కాదు, చదరంలో పెట్టిన స్పీకర్లకు గెర్జన్ సిద్ధాంతం ప్రకారం శబ్ద శక్తిని వీలైనంత ఒక వైపుకు కూడగట్టే అంకె అదే. దాన్ని మ్యాక్స్ ఆర్ఈ డీకోడర్ అంటారు, మనుషులు పుస్తకాలు చదివి కావాలని పెట్టుకుంటారు. నేను ఫైలు ఫార్మాట్ తప్పు చదివి పెట్టుకున్నా.

శక్తి ఎంత ఒక వైపు గుమిగూడిందో చెప్పే కొలతలో, ఒకే స్పీకర్ మోగితే 1. సరిదిద్దిన లెక్కకు 0.667, మ్యాక్స్ ఆర్ఈకి 0.707. ఇంత చిన్న తేడాకు ఇంత కథా అనిపిస్తుంది చూడగానే. కానీ ఆ అంకెలు మధ్య కుర్చీకి లెక్కగట్టినవి. మంచానికి లెక్క వేరు, అక్కడ చూడాల్సింది ఎదురు మూల ఎంత వాగుతుందన్నది.

1.414 మళ్ళీ పెట్టేశా. పక్కన కామెంట్ రాశా: ఇది తప్పు కాదు, తీయకు.

అక్టోబర్ 20, దీపావళి

పటాకులు. ఏం వినపడలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

ఇంకో రకం కూడా ఉంది, ఇన్-ఫేజ్. ఎక్స్, వైని 0.707 బదులు 0.5కు తగ్గిస్తే ఎదురు స్పీకర్ సరిగ్గా సున్నా అవుతుంది, ఏ దిక్కుకైనా ఏ స్పీకర్‌కూ మైనస్ రాదు. యార్క్ యూనివర్సిటీ డేవ్ మాల్హమ్ పెద్ద హాళ్ళలో జనం మధ్య ఈ సిస్టమ్‌లు నడిపినప్పుడు ఇలాంటి డీకోడింగ్‌నే నమ్ముకున్నాడు, ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది: జనంలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒక స్పీకర్ ముక్కు కిందే ఉంటారు.

చాప తీసేసి నేల మీద చాక్‌పీస్‌తో 9 గళ్ళు గీశా. అక్క పెద్దకొడుకును ఒక్కో గడిలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చప్పట్లు వచ్చే వైపు చెయ్యి చూపమన్నా, నేను కాగితం మీద బాణం గుర్తులు వేసుకున్నా. మూడు డీకోడర్లకూ ఇదే తంతు, మూడోసారికి వాడు ఐస్‌క్రీమ్ లేనిదే కూర్చోనన్నాడు. సరిదిద్దిన లెక్కతో మధ్య గడిలో బాణాలు సూదిలా సరిపోయాయి, మూల గళ్ళలో అన్నీ ఆ మూల స్పీకర్‌కే తిరిగాయి. ఇన్-ఫేజ్‌తో మూల గళ్ళలో కూడా కనీసం శబ్దం రావాల్సిన సగం వైపు చూపించాడు, కానీ మధ్యలో కూర్చున్నప్పుడు "అటు అంతా" అని రెండు చేతులూ చాచి చూపించాడు. నాకూ అలాగే ఉంది. గొంతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, పెద్దమ్మ గొంతు విడిగా దొరకట్లేదు. అసలు దిక్కుకు, దాని ఎదురు మూలకు పోవాల్సిన శక్తి కొంత ఇప్పుడు పక్క స్పీకర్లలోకి పరుచుకుంది, అంతే కదా.

400 హెర్ట్జ్ దగ్గర విడగొట్టి, కింద సరిదిద్దిన లెక్క, పైన మ్యాక్స్ ఆర్ఈ పెట్టే పద్ధతి కూడా చూశా, ఇంట్లో వినే డీకోడర్లకు అదే మర్యాద అంటారు. మధ్య కుర్చీలో బాగుంది. మంచం మీద తేడా లేదు. వదిలేశా, నాకు కావాల్సింది మధ్య కుర్చీ కాదు.

నవంబర్ 2, ఆదివారం

డీకోడర్‌తో చేయగలిగింది అయిపోయినట్టే, మిగిలింది దూరాలు. మంచం జరగదు. స్పీకర్ పక్కకు జరపాలంటే గోడ అడ్డం. ఇక పైకి. 7 అడుగుల ఎత్తుకు లేపితే అమ్మ చెవికి, దగ్గరి స్పీకర్‌కు 2.5 కాదు 4.7 అడుగులు. దూరం స్పీకర్ 11.7 నుంచి 12.4 అయింది, అంతే. 13 డెసిబెల్స్ దగ్గరితనం 8కి పడిపోతుంది. మ్యాక్స్ ఆర్ఈ ఎదురు మూలను 15 తగ్గించి పంపుతుంది కాబట్టి ఇప్పుడు ఆ దొంగ చప్పట్లు 7 డెసిబెల్స్ కింద. ఇంకా ముందే చేరుతాయి కానీ, తేడా 8 నుంచి దాదాపు 7 మిల్లీసెకన్లకు తగ్గింది.

ముందు రెండు బాక్సులకు సజ్జ ఉంది, స్టీలు బిందెలు జరిపి పెట్టేశా. వెనక రెండిటికీ గోడకు డ్రిల్ కొట్టి యాంగిల్స్ వేయాలి. బాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మొన్న దసరాకే రంగులేయించినం." ఎనిమిది రంధ్రాలు. దుమ్ము కింద పడకుండా పాత న్యూస్‌పేపర్ జేబులా మడిచి గోడకు అంటించా, అయినా పడింది.

పైన పెట్టాక కొత్త సమస్య: చూడ్డానికొచ్చిన అత్త "బంగ్లా మీద నిలబడి పాడుతున్నరా ఏంది" అంది. నిజమే. బాక్సుల వెనక చెక్కలు పెట్టి కిందికి వంచాను. ఒక్కో బాక్సును నేరుగా కిందికి కాకుండా ఎదురు మూలలో కూర్చునేవాళ్ళ వైపు చూసేట్టు తిప్పా. అలా చేస్తే దూరంగా ఉన్నవాళ్ళకు ఎదురుగా మోగుతుంది, ముక్కు కింద ఉన్నవాళ్ళకు దాని పక్కతనమే తగులుతుంది, ముఖ్యంగా చప్పట్లలోని పదును తగ్గుతుంది. గొంతులు పూర్తిగా నేల మీదికి దిగలేదు, అరుగు మీదికి దిగాయి. చాలు.

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

పానగల్ గుడిలో దీపాలు పెట్టి పెద్దమ్మ, అత్త, ఇద్దరు వదినలు ఇంటికొచ్చారు. రికార్డింగ్‌లో ఉన్నవాళ్ళే సగం మంది. లైటు తీసి పెట్టా. తొమ్మిది మందిమి గదిలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ.

పెద్దమ్మ తన గొంతు వినపడగానే "అగో నేను" అని కుడి ముందు వైపు చెయ్యి చూపింది, అమ్మ మంచం మీది నుంచి అదే వైపు. గుమ్మం దగ్గరున్న వదిన వంటింటి వైపు చూపింది, అది తప్పు, గుమ్మం దగ్గర ఇంకా తప్పే. దానికి ఏం చేయాలో తెలియదు, అక్కడ తలుపు తెరిచే ఉంటుంది, ఒక పక్క గోడే లేదు. రెండో పాటకు అమ్మ చప్పట్లు కలిపింది. అప్పుడు ఏవి స్పీకర్లవో ఏవి ఆమెవో కాసేపు నాకే తెలియలేదు.

మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. దాని మీద చాయ్ కప్పుల ట్రే పెట్టారు. మోతకు కప్పులు గలగలమంటున్నాయని తీయబోతే, కదలకుండా కూర్చోమని అమ్మ కసిరింది.